ట్యాంకు పొర్లింది, మెయిల్ రాలేదు: హోమ్ అసిస్టెంట్ ఈమెయిల్ హెచ్చరిక ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ఎలా

తెనాలిలో మా పక్కింటి పిన్నిగారు పొద్దున ఆరున్నరకి ఫోన్ చేశారు. "బాబూ, మీ డాబా మీంచి నీళ్లు ధార కడుతున్నాయి. అమ్మ పూజలో ఉన్నట్టుంది, పిలిస్తే పలకట్లేదు. మోటారు నేను కట్టేయనా?" కట్టేయమన్నాను. హైదరాబాదులో మంచం మీదే కూర్చుని మెయిల్ తెరిచి చూస్తే ఏమీ లేదు. ట్యాంకు 90 శాతం దాటి రెండు నిమిషాలైతే నాకొక మెయిల్ రావాలి. ఏడాదిగా వస్తూనే ఉంది. ఆ రోజు రాలేదు.

ఇలాంటప్పుడు ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. పాస్‌వర్డ్ మార్చాను. పోర్టు మార్చాను. మళ్లీ పాస్‌వర్డ్ మార్చాను. రెండు గంటలు పోయాయి. అసలు తప్పు వాటిలో ఎక్కడా లేదు. పైగా బాగున్నదాన్ని కెలికి ఇంకో తప్పు కొత్తగా తెచ్చుకున్నాను. అదేమిటో కింద చెబుతాను.

అప్పటి నుంచి వెతకడానికి ఒక వరస పెట్టుకున్నాను. మా ఇంట్లో ఉన్నది రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచే హోమ్ అసిస్టెంట్ (ఇంట్లోని పరికరాల్ని నడిపించే సాఫ్ట్‌వేర్), ట్యాంకు మూతకి బిగించిన అల్ట్రాసోనిక్ సెన్సర్, మోటారుకి వైఫై స్విచ్, ఇంటి పేరు మీద తెరిచిన ఒక జీమెయిల్ ఖాతా. మీ దగ్గర వేరే సిస్టమ్ ఉన్నా, మెయిల్ పంపే సీసీ కెమెరా డీవీఆర్ ఉన్నా, మెనూల పేర్లు మారతాయి గానీ వరస మారదు.

దారిని సగానికి కొయ్యండి

ట్యాంకులో నీళ్లు పెరిగిన దగ్గర్నుంచి నా ఫోన్ మోగేదాకా ఆ కబురు చాలా చేతులు మారుతుంది. సెన్సర్ చదవాలి. ఆటోమేషన్ (ఇలా జరిగితే అలా చెయ్యమని మనం రాసుకున్న నియమం) కదలాలి. అది మెయిల్ పంపే యాక్షన్‌ను (ఒక పని చేయించే ఆదేశాన్ని) పిలవాలి. ఇంటి నెట్ మీదుగా మెయిల్ సర్వర్‌దాకా వెళ్లాలి. అక్కడ పాస్‌వర్డ్ ఒప్పుకోవాలి. అవతలి ఇన్‌బాక్స్‌లో పడాలి. చివరికి ఫోన్ టింగుమనాలి. వీటిలో ఏది తప్పినా మనకి కనిపించేది ఒక్కటే: మెయిల్ రాలేదు.

మొదటి నుంచి చివరిదాకా అన్నీ తడమక్కర్లేదు. నడిమధ్యలో ఒకచోట చూస్తే సగం పని తీరిపోతుంది. ఆ చోటు పంపే ఖాతాలోని సెంట్ ఫోల్డర్. హోమ్ అసిస్టెంట్ జీమెయిల్ సర్వర్ ద్వారా పంపిన ప్రతి మెయిలూ ఆ ఖాతా సెంట్‌లో పడుతుంది. కాబట్టి బ్రౌజర్‌లో ఇంటి ఖాతా తెరవండి, మీ ఖాతా కాదు. సెంట్‌లో ఆ మెయిల్ ఉంటే ఇంటివైపు ఏ తప్పూ లేదు, మీరు చూడాల్సింది అందుకునేవాళ్ల ఇన్‌బాక్స్, ఫోన్. నేరుగా ఆ భాగానికి వెళ్లిపోండి. సెంట్‌లో లేకపోతే కబురు గడప దాటలేదన్నమాట.

ఇందుకే ఇంటికి వేరే ఖాతా ఉండాలని పట్టుబడతాను. సొంత ఖాతా నుంచి సొంత ఖాతాకే పంపుకుంటే సెంట్, ఇన్‌బాక్స్ కలగాపులగమై ఈ పరీక్షే పనికిరాకుండా పోతుంది. రాస్ప్‌బెర్రీ పై ఎవరి చేతిలోనైనా పడితే పోయేది ఇంటి ఖాతాయే, బ్యాంకు మెయిళ్లు వచ్చే ఖాతా కాదు.

సెంట్ ఎలాగూ తెరిచారు కదా, అదే ఖాతా ఇన్‌బాక్స్ కూడా ఒకసారి చూడండి. ఎవరూ తెరవని ఆ పెట్టెలోనే మెయిలర్ డెమన్ పేరుతో తిరిగొచ్చిన మెయిళ్లు పడి ఉంటాయి. మా అక్కకి పంపినవి మూడు వారాలుగా తిరిగొస్తున్నాయని నాకు అక్కడే తెలిసింది.

చేత్తో ఒక మెయిల్ పంపి చూడండి

సెంట్‌లో లేదనుకుందాం. హోమ్ అసిస్టెంట్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి యాక్షన్స్ దగ్గరికి వెళ్లండి (2024 ఆగస్టు ముందు వెర్షన్లలో దీని పేరు సర్వీసెస్). మీ మెయిల్ యాక్షన్‌ను ఎంచుకోండి. మాది నోటిఫై.ట్యాంక్_మెయిల్. మెసేజ్‌లో ఏదో ఒక మాట రాసి నడపండి. రాసేటప్పుడు టైము కూడా రాయండి, "పరీక్ష 7.42" అని. లేకపోతే పదో పరీక్ష తర్వాత ఏది ఏదో తెలియదు.

ఇక్కడ మూడు రకాలుగా జరగొచ్చు. మెయిల్ వచ్చేస్తే నెట్, పాస్‌వర్డ్, సర్వర్ అన్నీ బాగున్నట్టే, తప్పు ఆటోమేషన్‌లో ఉంది. ఎర్రగా ఎర్రర్ వస్తే దాని కింద లాగ్ చదవాలి. మూడోది, జాబితాలో అసలు ఆ యాక్షన్ పేరే కనిపించకపోవడం. మా ఇంట్లో జరిగింది ఈ మూడోదే.

ఒక జాగ్రత్త. నోటిఫై.నోటిఫై అని ఒకటి ఉంటుంది, దాన్ని పరీక్షకి వాడొద్దు, ఆటోమేషన్‌లో అసలే వాడొద్దు. సిస్టమ్‌కి మొదట దొరికిన నోటిఫై యాక్షన్‌కి అది అడ్డదారి. ఈ రోజు మెయిల్‌కి వెళ్లింది రేపు ఇంకో ఫోన్ యాప్ కలిపాక దానికి వెళ్లొచ్చు. మీరు పెట్టుకున్న పేరుతోనే పిలవండి.

జాబితాలో యాక్షన్ లేకపోతే: కరెంటు, ఫైబర్ బాక్సు, ఐదు నిమిషాలు

ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి తెనాలిలో కరెంటు పోయి వచ్చింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది గానీ హాల్లో ఆ మూల ప్లగ్గుకి లైను లేదు. రాస్ప్‌బెర్రీ పై, ఫైబర్ బాక్సు, వైఫై రౌటర్ మూడూ అక్కడే. మూడూ ఆరిపోయి మూడూ ఒకేసారి లేచాయి. హోమ్ అసిస్టెంట్ లేచి చకచకా తన పనులు మొదలుపెట్టేసింది. ఫైబర్ బాక్సులో లైటు ఇంకా ఎర్రగా మినుకుతూనే ఉంది. నెట్ వచ్చేసరికి ఇంకో మూడు నాలుగు నిమిషాలు.

ఇప్పుడు అసలు సంగతి. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో రాసుకున్న ఎస్ఎంటిపి (మెయిల్ పంపే పద్ధతి) నోటిఫై, హోమ్ అసిస్టెంట్ లేస్తున్నప్పుడు ఒకసారి మెయిల్ సర్వర్‌ను పలకరిస్తుంది. సర్వర్ పలికితే యాక్షన్‌ను జాబితాలో చేరుస్తుంది. పలక్కపోతే లాగ్‌లో ఒక ఎర్రర్ రాసి ఊరుకుంటుంది. నెట్ వచ్చాక మళ్లీ ప్రయత్నించదు. ఇక మళ్లీ రీస్టార్ట్ చేసేదాకా నోటిఫై.ట్యాంక్_మెయిల్ అనేదే ఉండదు. ఆరుంపావుకి ట్యాంకు నిండింది, ఆటోమేషన్ కదిలింది, లేని యాక్షన్‌ను పిలిచింది, ఆగిపోయింది.

దీని గుర్తు సులువుగా పట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో లాగ్స్ తెరవండి. హోమ్ అసిస్టెంట్ లేచిన నిమిషంలోనే ఎస్ఎంటిపి సర్వర్ దొరకలేదనో, కనెక్షన్ నిరాకరించిందనో ఒక లైను ఉంటుంది. తర్వాత గంటలకి, ఆటోమేషన్ నడిచిన టైములో, యాక్షన్ కనబడలేదని ఇంకో లైను. ఈ రెండూ జంటగా కనిపిస్తే పాస్‌వర్డ్ జోలికి వెళ్లకండి. రీస్టార్ట్ చేయండి, మెయిల్ వెళ్తుంది.

రీస్టార్ట్ ఈ రోజుకి మందు. మళ్లీ రాకుండా నేను చేసినవి రెండు. ఫైబర్ బాక్సుకీ రౌటర్‌కీ 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి కొన్నాను. కరెంటు రెప్పపాటు పోయి వచ్చినా నెట్ తెగదు కాబట్టి, రాస్ప్‌బెర్రీ పై ఒక్కటే ఆరి లేచినా సర్వర్ పలుకుతుంది. కొనేముందు ఫైబర్ బాక్సు అడాప్టర్ మీద వోల్టేజీ చదవండి, అన్నీ 12 వోల్టులవే అనుకోవద్దు. రెండోది, హోమ్ అసిస్టెంట్ లేవగానే కదిలే ఒక ఆటోమేషన్. అది ఐదు నిమిషాలు ఆగి "ఇప్పుడే లేచాను" అని మెయిల్ పంపుతుంది. అమ్మ ఫోన్లో కరెంటు పోయి వచ్చిందని చెప్పినా ఆ మెయిల్ రాలేదంటే, ట్యాంకు నిండేలోపే బయట నుంచి లాగిన్ అయి రీస్టార్ట్ చేసేస్తాను.

యాక్షన్ జాబితాలో లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది మన చేతి తప్పు. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఖాళీలు తప్పడం. ఆ ఫైల్ యామల్ అనే పద్ధతిలో ఉంటుంది. అందులో ట్యాబ్ నొక్కకూడదు, స్పేస్‌లే వాడాలి, ఒకే స్థాయి లైన్లు ఒకే గీతలో మొదలవ్వాలి. ఫైల్‌లో చెయ్యి పెట్టిన ప్రతిసారీ డెవలపర్ టూల్స్‌లో చెక్ కాన్ఫిగరేషన్ నొక్కి, అది బాగుందన్నాకే రీస్టార్ట్ చేయండి.

చేతి మెయిల్ వెళ్తోంది, ఆటోమేషన్ మెయిల్ వెళ్లడం లేదు

ఇక్కడ చాలామంది ఒక ఉచ్చులో పడతారు. ఆటోమేషన్ మూడు చుక్కల మెనూలో రన్ నొక్కుతారు, మెయిల్ వస్తుంది, "బాగానే ఉందిగా" అనుకుంటారు. రన్ నొక్కితే ట్రిగర్‌నీ (ఆటోమేషన్‌ను కదిలించే సంఘటన) కండిషన్లనీ (షరతులు) దాటేసి నేరుగా యాక్షన్లు మాత్రమే నడుస్తాయి. యాక్షన్లు బాగున్నాయని తెలిసింది తప్ప, అసలు సందర్భం వచ్చినప్పుడు అది కదులుతుందో లేదో తెలియలేదు.

కదిలిందో లేదో చెప్పేది ట్రేస్. ఆటోమేషన్ తెరిచి ట్రేసెస్ నొక్కండి. ఎప్పుడు కదిలింది, ఏ కండిషన్ దగ్గర ఆగింది, ఏ యాక్షన్ ఎర్రర్ ఇచ్చింది అన్నీ బొమ్మగా గీసి చూపిస్తుంది. మామూలుగా చివరి 5 సార్లవి మాత్రమే దాచుకుంటుంది కాబట్టి ఆదరాబాదరాగా పదిసార్లు పరీక్షించకండి, అసలు సాక్ష్యం కొట్టుకుపోతుంది.

ఆ టైముకి ట్రేసే లేదంటే ట్రిగర్ కదల్లేదు. నీళ్ల ట్యాంకుల్లో దీనికి నేను చూసిన కారణాలు వరసగా చెబుతాను.

న్యూమరిక్ స్టేట్ ట్రిగర్ (అంకెను బట్టి కదిలేది) గీత దాటినప్పుడే కదులుతుంది, గీత పైన ఉన్నంతసేపూ కాదు. 90 పైన అని పెట్టుకుంటే 89 నుంచి 91కి వెళ్లేటప్పుడు ఒక్కసారి. అప్పటికే 93 దగ్గర ఉన్న ట్యాంకు 100కి వెళ్లి పొర్లినా అది ఉలకదు. అందుకని నేను 90కి ఒకటి, 98కి ఒకటి పెట్టుకున్నాను.

తర్వాత "రెండు నిమిషాలు అలాగే ఉంటేనే" అని పెట్టే షరతు. మంచిదే, అల కొట్టినప్పుడల్లా మెయిల్ రాకుండా ఆపుతుంది. కానీ ఆ లెక్క హోమ్ అసిస్టెంట్ రీస్టార్ట్ అయినా, ఆటోమేషన్లు రీలోడ్ చేసినా చెరిగిపోతుంది. సెన్సర్ అంకె మధ్యలో ఒక్కసారి 90 కిందికి గెంతినా మళ్లీ మొదటికొస్తుంది. ఇక్కడ మా ట్యాంకు సంగతి చెప్పాలి. జేఎస్ఎన్-ఎస్ఆర్04టి అనే వాటర్‌ప్రూఫ్ సెన్సర్ వాడాను. దానికి దాదాపు 20 నుంచి 25 సెంటీమీటర్ల లోపు దగ్గరగా ఉన్నది సరిగ్గా కనబడదు. మూతకి కింద బిగిస్తే, ట్యాంకు నిండే కొద్దీ నీళ్లు సెన్సర్ దగ్గరికి వచ్చి ఆ గుడ్డి జాగాలో పడతాయి. సరిగ్గా మనకి కావలసిన సమయానికే అంకెలు 92, 41, 95, 17 అని చిందులేస్తాయి. హిస్టరీ గ్రాఫ్ చూస్తే రంపం పళ్లలా కనిపిస్తుంది. మెయిల్ సెట్టింగులు ఎంత సవరించినా దీనికి మందు లేదు. మూత మీద నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క నిలబెట్టి, సెన్సర్‌ను అడుగు పైకి ఎత్తి బిగిస్తే సరిపోయింది.

ట్రేస్ ఉంది గానీ మధ్యలో ఆగింది అంటే కండిషన్లు చూడండి. "రాత్రి పూట మెయిల్ వద్దు" అని ఎప్పుడో పెట్టి మరిచిపోయి ఉంటారు. సింగిల్ మోడ్ (ఒకసారికి ఒక్కటే నడిచే పద్ధతి) ఇంకో సంగతి. ఆటోమేషన్ చివర అరగంట డిలే పెట్టుకున్నారనుకోండి, ఆ అరగంటలో ట్రిగర్ మళ్లీ కదిలితే, ఇప్పటికే నడుస్తోందని లాగ్‌లో రాసి ఆ కబురును వదిలేస్తుంది. మోడ్‌ను రీస్టార్ట్‌కో క్యూడ్‌కో మార్చాలి, లేదా ఆ డిలే తీసేయాలి.

ఇంకోటి, యాక్షన్ల వరస. మోటారు ఆపడం ముందు, మెయిల్ తర్వాత అని రాసుకుంటే, మోటారు స్విచ్ వైఫైలో లేనప్పుడు ఆ యాక్షన్ ఎర్రర్ ఇచ్చి, వెనకున్న మెయిల్ కూడా ఆగిపోవచ్చు. మోటారు ఆగలేదని తెలియాల్సిన రోజునే మెయిల్ రాదన్నమాట! మొదటి యాక్షన్‌కి కంటిన్యూ ఆన్ ఎర్రర్ పెట్టండి. అలాగే మెసేజ్‌లో సెన్సర్ విలువను లెక్కగట్టి రాస్తుంటే దానికో డీఫాల్ట్ ఇవ్వండి. సెన్సర్ "అన్‌నోన్" అన్నప్పుడు దాన్ని అంకెగా మార్చబోయి టెంప్లేట్ (విలువను కలిపి మెసేజ్ తయారుచేసే సూత్రం) విరుగుతుంది, మెయిల్ తయారుకాకుండానే చచ్చిపోతుంది.

టైము ప్రకారం నడిచే మెయిళ్లలో ఒక విచిత్రం: ఆరింటికి రావాల్సిన మెయిల్ సరిగ్గా పదకొండున్నరకి వస్తోందా? ఐదున్నర గంటల తేడా కనిపిస్తే ఇంకేమీ వెతకొద్దు. సిస్టమ్ టైమ్ జోన్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకున్న ప్రపంచ ప్రామాణిక సమయం) ఉండిపోయింది. ఏషియా/కోల్‌కతా అని మార్చండి.

ఎర్రర్ వస్తే: లాగ్‌లోని అంకెలు చదవడం

మెయిల్ సర్వర్ ఏదైనా ఒప్పుకోనప్పుడు మూడంకెల సంఖ్యతో జవాబిస్తుంది. 4తో మొదలైతే ఇప్పుడు కాదు, కాసేపాగి రమ్మని. 5తో మొదలైతే కుదరదని. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. 421 వచ్చిందని పాస్‌వర్డ్ మార్చేవాళ్లని చూశాను.

535 అంటే పేరో పాస్‌వర్డో తప్పు. 534 అంటే ఇక్కడ మామూలు పాస్‌వర్డ్ చెల్లదు, యాప్ పాస్‌వర్డ్ (ఒక్కో ప్రోగ్రాముకి విడిగా తయారుచేసే పాస్‌వర్డ్) కావాలని. జీమెయిల్ వ్యక్తిగత ఖాతాల్లో మామూలు పాస్‌వర్డ్‌తో ఇలా లాగిన్ అవడాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి ఆపేసింది. ఇప్పటికీ యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి "లెస్ సెక్యూర్ యాప్స్" బటన్ కోసం వెతికేవాళ్లున్నారు, అది లేదు. ఇంటి ఖాతాకి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, తర్వాత యాప్ పాస్‌వర్డ్ తయారు చేసుకోవాలి. 16 అక్షరాలు వస్తాయి, నాలుగేసి చొప్పున విడగొట్టి చూపిస్తుంది. ఖాళీలు తీసేసి, కోట్స్ మధ్య పెట్టి, సీక్రెట్స్ ఫైల్‌లో రాసుకోండి. కోట్స్ ఎందుకంటే, వేరే కంపెనీల పాస్‌వర్డుల్లో ఖాళీ పక్కన హ్యాష్ గుర్తు వస్తే యామల్ అక్కడి నుంచి మిగతాదంతా వ్యాఖ్య అనుకుని వదిలేస్తుంది.

ఇక నేను కొత్తగా తెచ్చుకున్న తప్పు. కంగారులో ఇంటి గూగుల్ ఖాతా అసలు పాస్‌వర్డే మార్చేశాను. అది మారిస్తే అప్పటిదాకా తయారు చేసుకున్న యాప్ పాస్‌వర్డులన్నీ రద్దవుతాయి. పొద్దున కేవలం రీస్టార్ట్‌తో పోయేది మధ్యాహ్నానికి 535 అయి కూర్చుంది.

జీమెయిల్ వాడని వాళ్లకి రెండు ముక్కలు. అవుట్‌లుక్ వ్యక్తిగత ఖాతాల్లో పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పాత పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబరు 16తో ముగించింది. పాస్‌వర్డ్ ఎంత సరిగ్గా కొట్టినా ఒప్పుకోదు, వేరే ఖాతా చూసుకోండి. జోహో అయితే మీ ఖాతా భారత్ డేటా సెంటర్‌లో ఉంటే సర్వర్ పేరు చివర డాట్ కామ్ కాకుండా డాట్ ఇన్ ఉండాలి. లేకపోతే అన్నీ సరిగ్గా ఉన్నా లాగిన్ కాదు.

అంకె ఏదీ రాకుండా టైమవుట్ అని వస్తే సర్వర్ దాకా చేరనే లేదు. ముందు పోర్టు, ఎన్‌క్రిప్షన్ జంట చూడండి. 587 పోర్టుకి స్టార్ట్‌టిఎల్ఎస్, 465 పోర్టుకి టిఎల్ఎస్. 465 పోర్టుకి స్టార్ట్‌టిఎల్ఎస్ పెడితే ఒకళ్లు పలకరింపు కోసం, ఇంకొకళ్లు తాళం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు, చివరికి గడువు తీరిపోతుంది. 25వ పోర్టు జోలికి వెళ్లొద్దు. అది సర్వర్లు తమలో తాము మాట్లాడుకునేది, ఇళ్ల కనెక్షన్లలో చాలా నెట్ కంపెనీలు దాన్ని మూసి ఉంచుతాయి. పోర్టు సరిగ్గానే ఉండి అప్పుడప్పుడూ మాత్రమే టైమవుట్ వస్తుంటే, గడువు 5 సెకన్లే ఉందేమో చూడండి, మామూలుగా అంతే ఉంటుంది. ఊళ్లో లైను నెమ్మదిగా ఉంటే 20కి పెంచండి. పైహోల్, యాడ్‌గార్డ్ లాంటివి (ప్రకటనల్ని అడ్డుకునే ప్రోగ్రాములు) పెట్టుకున్నవాళ్లు కాసేపు వాటిని ఆపి చూడాలి. అవి మెయిల్ సర్వర్ పేరునే మింగేస్తుండొచ్చు.

సర్టిఫికెట్ గురించి ఎర్రర్ వస్తే గడియారం చూడండి. రాస్ప్‌బెర్రీ పై 4 దాకా ఆ బోర్డుల్లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. రెండు నెలలు తాళం వేసిన ఇంట్లో కరెంటు ఆపి ఉంచి, వచ్చి ఆన్ చేస్తే, నెట్ నుంచి టైము తెచ్చుకునేదాకా అది రెండు నెలల కిందటి లోకంలోనే ఉంటుంది. మొన్న జారీ అయిన సర్టిఫికెట్ దానికి ఇంకా పుట్టనిది. వెరిఫై ఎస్ఎస్ఎల్ (సర్టిఫికెట్ తనిఖీ) ఆపేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. గడియారం సరి చేస్తే అదే పోతుంది.

జీమెయిల్ వ్యక్తిగత ఖాతా రోజుకి 500 మెయిళ్లదాకా పంపనిస్తుంది. ట్యాంకుకి అంత ఎందుకనుకుంటాం. రంపం పళ్ల సెన్సర్ నిమిషానికోసారి గీత దాటిందంటే రోజుకి 1,440 నిమిషాలు. హద్దు దాటితే 24 గంటలదాకా ఆ ఖాతా నుంచి ఏదీ కదలదు.

సెంట్‌లో ఉంది, ఫోన్ మోగలేదు

అందుకునే ఖాతా స్పామ్ తెరవండి. అక్కడ దొరికితే నాట్ స్పామ్ నొక్కి, పంపే చిరునామా మీద ఒక ఫిల్టర్ పెట్టి "ఎప్పుడూ స్పామ్‌కి పంపొద్దు" ఎంచుకోండి. స్పామ్‌లో లేకపోతే అప్‌డేట్స్, ప్రమోషన్స్ ట్యాబులు చూడండి. జీమెయిల్ యాప్ మామూలుగా ప్రైమరీలో పడ్డదానికే మోగుతుంది.

అక్కడా లేకపోతే పాత మెయిల్ కింద నక్కిందేమో చూడండి. ప్రతిసారీ "ట్యాంకు నిండింది" అనే ఒకే సబ్జెక్టుతో పంపితే జీమెయిల్ వాటన్నిటినీ ఒక దండలో గుచ్చేస్తుంది. ఈ రోజుది నిన్నటి దాని కింద మడతపడి ఉంటుంది, మనం రాలేదనుకుంటాం. సబ్జెక్టులో తేదీ, టైము, శాతం కలిపేయండి. "ట్యాంకు 91%, 14వ తేదీ 6.15" అని వస్తే తెరవక్కర్లేదు కూడా.

మా అక్క దగ్గర జరిగింది వేరు. ఆమె గూగుల్ ఖాతాలో ఉచితంగా వచ్చే 15 జీబీ నిండిపోయింది. ఆ జాగా మెయిల్‌కి, డ్రైవ్‌కి, ఫోటోలకి కలిపి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోనే లెక్క. ఊళ్లోని చుట్టాలంతా రోజూ పంపే శుభోదయం పూల బొమ్మలు, సుప్రభాతం వీడియోలు కలిసి మా ట్యాంకు మెయిల్‌కి చోటు లేకుండా చేశాయి. జాగా నిండితే కొత్త మెయిల్ లోపలికి రాదు, తిరిగొచ్చేస్తుంది. బ్యాకప్‌లో వీడియోలు వద్దని పెట్టాక కుదురుకుంది.

మెయిల్ వస్తోంది గానీ ఆలస్యంగా వస్తోందంటే, జీమెయిల్‌లో ఆ మెయిల్ మూడు చుక్కల మెనూలో షో ఒరిజినల్ తెరవండి. ఎప్పుడు తయారైంది, ఎన్ని సెకన్లకి చేరింది పైనే రాసి ఉంటుంది. 3 సెకన్లు అని ఉంటే మెయిల్ తప్పేం లేదు, ఫోన్ బ్యాటరీ సేవర్ జీమెయిల్‌ను నిద్రపుచ్చింది. ఆ యాప్‌కి బ్యాటరీ ఆంక్షలు తీసేయండి. అదే పేజీలో ఎస్‌పిఎఫ్, డికిమ్ (పంపినవాళ్లు అసలువాళ్లేనా అని చూసే పరీక్షలు) పాస్ అయ్యాయో లేదో కూడా కనిపిస్తుంది. జీమెయిల్ నుంచి పంపేవాళ్లకి అవి వాటంతటవే సరిపోతాయి. సొంత డొమైన్ నుంచి పంపేవాళ్లు మాత్రం 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ బిగించిన నిబంధనల ప్రకారం వీటిలో కనీసం ఒక్కటైనా పెట్టుకోక తప్పదు.

ఫోటో కలిపితే మెయిలే పోతోంది

గేటు కెమెరా ఫోటోతో మెయిల్ పెట్టుకున్నవాళ్లకి: ముందు ఫోటో తీసేసి వట్టి మెయిల్ పంపి చూడండి. అది వెళ్తే, ఫోటో ఉన్న ఫోల్డర్‌ను హోమ్ అసిస్టెంట్ అనుమతించిన జాబితాలో చేర్చలేదేమో చూడండి. కాన్ఫిగ్ కింద ఉండే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఫోల్డర్‌కి అనుమతి ముందే ఉంటుంది గానీ, అందులో పెట్టినవి లాగిన్ లేకుండానే లింకుతో తెరుచుకుంటాయి. గేటు దగ్గర మనుషుల ఫోటోలు అక్కడ ఉంచడం నాకిష్టం లేదు, వేరే ఫోల్డర్ చేసి జాబితాలో కలిపాను. ఫోటో తీయడానికీ మెయిల్ పంపడానికీ మధ్య రెండు మూడు సెకన్ల డిలే పెట్టండి. లేకపోతే ఫైల్ పూర్తిగా రాయకముందే మెయిల్ బయల్దేరొచ్చు.

రోజువారీ క్షేమ సమాచారం

కరెంటు లేకపోతే, నెట్ లేకపోతే, రాస్ప్‌బెర్రీ పై చచ్చిపోతే, వాటి గురించి చెప్పే మెయిల్ కూడా రాదు. అందుకే ప్రమాదం వచ్చినప్పుడే కాకుండా, రోజూ పొద్దున 6.00కి మా ఇల్లు ఒక మెయిల్ పంపుతుంది: ట్యాంకు శాతం, సెన్సర్ చివరిసారి పలికిన టైము, రాస్ప్‌బెర్రీ పై వేడి. ఫోన్ మోగకుండా, ఇన్‌బాక్స్ నిండకుండా దానికో లేబుల్ పెట్టి ఫిల్టర్ చేశాను. కాఫీ తాగుతూ ఆ లేబుల్ ఒకసారి చూస్తాను. ట్యాంకు నిండిన మెయిల్ మాత్రం ఇన్‌బాక్స్‌లోకే వస్తుంది. దాంతో పాటు ఫోన్‌లోని హోమ్ అసిస్టెంట్ యాప్‌కి కూడా ఒక నోటిఫికేషన్ కొడుతుంది. పొర్లే నీళ్ల సంగతి ఒక్క మెయిల్ భుజాన పెట్టడం ఇప్పుడు మానేశాను.

మొన్న మంగళవారం పొద్దున ఆ లేబుల్ ఖాళీగా ఉంది. ఏడింటికి అమ్మకి ఫోన్ చేశాను. "కరెంటు లేదురా, ట్రాన్స్‌ఫార్మర్ కాలిందట, పదింటికి వస్తుందంటున్నారు. నీకెలా తెలిసింది?" అంది.